రెండవ వరుసలో నిలిచినవారు

హైదరాబాదు పాతబస్తీలో మూసీ నదిమీద పురానాపూల్ అను వంతెన కలదు. ఆ పేరునకు అర్థమే పాత వంతెన. గోల్కొండ సుల్తానగు ఇబ్రహీం కులీ కుతుబ్ షా 1578లో దానిని కట్టించెను. 22 కమానులు గలది. తరువాతి కాలమున అదే నదిమీద అఫ్జల్‌గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు లేచినవి. క్రొత్తవి వచ్చిన తరువాత పాతదాని పేరెత్తువారు తగ్గుట లోకసహజము. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాదిమంది ప్రాణములను తీసికొనిపోయెను. ఆ మూడు వంతెనలును వరదకు తెగిపోయెను. ఇరు గట్టులను కలుపుటకు మిగిలినది పాత వంతెన ఒక్కటే.

వంతెనకు మనస్సు లేదు గనుక అది కాచుకొని యుండుటలో బాధ లేదు. మనుష్యుని సంగతి వేరు. పిలుపు వచ్చునో రాదో తెలియక, దినదినము సిద్ధపడుచు, మరియొకని వెనుక నిలుచుట ఎట్టి పనియో ఈ నెల పాఠములో చూతము. ఈ సంగతి ఆటగాండ్రలో తేటగా కనబడును గనుక వారినే తీసికొందము. సంఘ పత్రికలో ఆటల ప్రస్తావన ఏల అని పెద్దలు కొందరు అడుగవచ్చును. పౌలు సయితము పరుగు పందెమును, మల్లయోధులను గూర్చి వ్రాయుటకు వెనుదీయలేదు.

అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచు ఆట మన పిల్లలు కాలితో తన్ను ఆట కాదు. బంతి కోడిగ్రుడ్డువలె కోలగా నుండును. దానిని చేతులతో విసరుదురు, చంకను పెట్టుకొని పరుగెత్తుదురు, అడ్డువచ్చినవారిని పడద్రోయుదురు. ఒక్కొక్క వైపున 11 మంది. వారిలో క్వార్టర్‌బాక్ అనువాడు ముందుగా బంతిని చేత పుచ్చుకొని ఎవరికి అందించవలెనో రెప్పపాటులో నిర్ణయించును. దండునకు దళవాయి యెట్లో ఆ జట్టునకు అతడట్లు. అక్కడి పెద్ద లీగులో 32 జట్లు కలవు. దెబ్బలు మెండుగా తగులు ఆట గనుక ప్రతి జట్టువారును క్వార్టర్‌బాక్‌ను ఒకనినే గాక, వాని వెనుక మరియొకనిని కూడ జీతమిచ్చి ఉంచుకొందురు.

ఈ రెండవవాని పని యేమి? చూచువారికి ఏమియు లేనట్లే యుండును. టోపీ పెట్టుకొని గీతకు వెలుపల నిలిచియుండును. అయితే వారమంతయు అతడు చేయు పని తక్కువది కాదు. జట్టు ఎత్తుగడలన్నియు గల లావుపాటి పుస్తకమును మొదటివానితో సమానముగా కంఠతా పట్టవలెను. అభ్యాసములో ఎక్కువ భాగము మొదటివానికే పోవును గనుక, చేసి నేర్చుకొనవలసినదానిని చూచి నేర్చుకొనవలెను. రాబోవు ఆటలో ఎదుటి జట్టు క్వార్టర్‌బాక్ ఎట్లు ఆడునో అట్లే తాను ఆడి చూపి, తనవారికి తరిఫీదు ఇయ్యవలెను. అనగా తనవారి మేలుకొరకు శత్రువు వేషము కట్టవలెను! ఆట నడుచునప్పుడు ప్రతి ఎత్తును తానే ఆడుచున్నట్లు తలపోయవలెను, ఏలయనగా మరు నిమిషముననే పిలుపు రావచ్చును. చేజ్ డానియేల్ అను ఆటగాడు ఇట్లు పండ్రెండేండ్లకు పైగా వేరువేరు జట్లలో నుండి, 5 ఆటలు మాత్రమే తాను మొదలుపెట్టి ఆడెను. అందుకు నాలుగు కోట్ల డాలర్లకు మించి పుచ్చుకొనెను. నగరములు నగరములే ఆటకు పట్టము కట్టు ఆ దేశములో సిద్ధముగా నుండుటకే అంత వెల కట్టిరన్నమాట.

ఇట్టివారిలో ఫ్రాంక్ రైక్ అనువాని కథ విరివిగా చెప్పదగినది. 1984లో అతడు మేరీలాండ్ కళాశాల జట్టులో రెండవవాడు. మయామీ జట్టుతో ఆడిన ఆట సగము ముగియునప్పటికి తన జట్టు 31–0 లెక్కన వెనుకబడియుండెను. అప్పుడు అతనిని పిలిచిరి. 42–40 తో గెలిచిరి. తరువాత బఫెలో నగరపు జట్టులో జిమ్ కెల్లీ అను ప్రసిద్ధుని వెనుక ఏండ్ల తరబడి నిలిచెను. కెల్లీకి మోకాలు దెబ్బతినగా 1993 జనవరి 3న హ్యూస్టన్ జట్టుపై ఆడుటకు రైక్ దిగెను. సగము ఆట గడచిన కొంతసేపటికి లెక్క 35–3. ఇక చూచుటకేమున్నదని ప్రేక్షకులలో కొందరు లేచి ఇండ్లకు పోయిరి. ఆట ముగియునప్పటికి బఫెలో 41, హ్యూస్టన్ 38. ఆ లీగులో అంత వెనుకబడి తిరిగి గెలిచినవారు 2022 వరకు మరెవరును లేరు.

ఇంతవరకు అందరును చెప్పుదురు. నాకు ముఖ్యముగా తోచునది ఆ తరువాతి సంగతి. మరుసటి వారము పిట్స్‌బర్గ్ జట్టుపై కూడ రైక్ 24–3 తో గెలిపించెను. ఆ మీది ఆటకు కెల్లీ స్వస్థుడై వచ్చెను. రైక్ స్థానము విడిచి మరల టోపీ పెట్టుకొని గీత వెలుపలికి పోయెను. రెండు వారములలో ఊరంతటిచేత జేజేలు కొట్టించుకొన్నవాడు మూడవ వారమున పాత చోటికి మరలిపోవుట ఎంత కష్టమో, ఒక్కసారి పెద్దపీట మీద కూర్చుండి దిగినవారికి తెలియును. ఆట మానిన తరువాత రైక్ దైవజ్ఞాన విద్య నేర్చి, కొంతకాలము ఒక దైవజ్ఞాన కళాశాల శాఖకు అధ్యక్షుడుగా నుండెను. పిమ్మట ఆట నేర్పువాడాయెను. 2017లో ఫిలడెల్ఫియా జట్టునకు ఎత్తుగడలు కూర్చువారిలో అతడొకడు. ఆ ఏట డిసెంబరులో ఆ జట్టు మొదటి క్వార్టర్‌బాక్ గాయపడగా, ఆట మానుకొందునా అని అంతకు ముందొకప్పుడు ఆలోచించిన నిక్ ఫోల్స్ అను రెండవవాడు దిగి, 2018 ఫిబ్రవరి 4న చివరి పోటీని 41–33 తో గెలిపించెను. రెండవవానికి నేర్పినవాడును ఒకప్పటి రెండవవాడే.

ప్రియులారా, ఇట్టి కథలు వినుటకు ఇంపుగా నుండును. అయితే వీటిలో ఒక మోసము కూడ దాగియున్నది. ఓపికతో కాచుకొన్నవానికి ఏదో ఒక దినమున ఏనుగు అంబారీ దొరకునని మనము తలంతుము. అట్లు దొరకనివాని ఓపిక వ్యర్థమని దాని భావమగును గదా? మన దేశమునకు, మన హైదరాబాదునకు వచ్చి చూడుడి.

క్రికెట్ ఆటలో మన క్వార్టర్‌బాక్ వంటి స్థానము వికెట్ కీపరుది. జట్టున బంతి వేయువారు నలుగురైదుగురుందురు, బ్యాటు పట్టువారు ఆరుగురేడుగురుందురు, కీపరు ఒక్కడే. రెండవ కీపరు ఎంత నేర్పరియైనను మొదటివాడు ఆడినంతకాలము వెలుపలనే. హైదరాబాదులో 1947 జూలై 12న జన్మించిన పోచయ్య కృష్ణమూర్తి ఇట్టివాడు. ఆ కాలమున ఇండియా కీపరు ఫరూఖ్ ఇంజనీరు. అతడు ఇంగ్లండులో లాంకషైర్ జట్టునకు ఆడుచు స్వదేశపు పోటీలలో ఆడలేదని 1971లో వెస్టిండీస్ ప్రయాణమునకు అతనిని ఎన్నుకొనలేదు. ఆ చోట 23 ఏండ్ల కృష్ణమూర్తిని నిలిపిరి.

ఐదు టెస్టులును అతడే ఆడెను. బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్ వంటివారి మెలికబంతులకు వికెట్లను ఆనుకొని గొంతుకూర్చుండి, దినమంతయు లేచుచు కూర్చుండుచు, చేతికి రాని బంతి ఒక్కటియు లేకుండ చూచుకొనవలెను. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఆ మార్చి నెలలో ఇండియా 7 వికెట్లతో గెలిచెను. వెస్టిండీస్‌పై మనకు అదియే మొట్టమొదటి గెలుపు. ఐదు టెస్టుల వరుసయు 1–0 తో మనదాయెను. ఆ వరుసలో గవాస్కర్ 774 పరుగులు చేసిన సంగతి పసిపిల్లలకును తెలియును. కృష్ణమూర్తి లెక్క ఏమనగా, ఆరుసార్లు బ్యాటు పట్టి 33 పరుగులు, క్యాచ్‌లు 7, స్టంపింగ్ 1.

ఆ వేసవిలోనే ఇంగ్లండు ప్రయాణము వచ్చెను. ఇంజనీరు టెస్టులకు తిరిగి వచ్చెను. కృష్ణమూర్తి జట్టుతో పోయెను గాని టెస్టులలో అతనికి చోటు లేకపోయెను. ఓవల్ మైదానమున ఆగస్టు 24న ఇండియా గెలిచి ఇంగ్లండు గడ్డమీద తొలి టెస్టు విజయము పొందినప్పుడు అతడు చూచువారిలో ఒకడు. అదే జట్టులో కిర్మానీ అను పిన్నవాడు కూడ కీపరుగా నేర్చుకొనుచుండెను. ఇంజనీరు తరువాత ఆ స్థానము కిర్మానీకి పోయెను. 1976లో కృష్ణమూర్తి మరల న్యూజీలాండ్, వెస్టిండీస్ దేశములకు రెండవ కీపరుగా పోయి, న్యూజీలాండ్‌లో ఒక్కటే ఒక్క ఒకరోజు పోటీ ఆడెను. ఆరవ టెస్టు అతనికి రానేలేదు. 1999 జనవరి 28న హైదరాబాదులోనే చనిపోయెను.

అతనికైనను ఐదు టెస్టులు కలవు. అదే హైదరాబాదు జట్టు వేగపు బౌలరు దేవరాజ్ గోవిందరాజ్ 1971లో వెస్టిండీసునకును ఇంగ్లండునకును రెండు ప్రయాణములును చేసెను. రెండు చోట్లను వలలో బంతులు వేసి మనవారి బ్యాట్లను పదునుపెట్టెను. ఒక్క టెస్టుకును అతనిని పిలువలేదు, అప్పుడును తరువాతను.

అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయమును తీసి చూడుడి. యూదా స్థానమునకు ఇద్దరిని నిలువబెట్టిరి. ఇద్దరికిని యోగ్యత ఒక్కటే, మొదటినుండి వారితో కూడ తిరిగినవారై యుండుట. చీటి మత్తీయ పేరట వచ్చెను. మనము ప్రసంగములలో మత్తీయను తలంతుము. యూస్తు అను మారుపేరుగల బర్సబ్బా యోసేపును తలంచువారెవరు? చీటి పడకముందు అతడు నడచిన మూడేండ్ల దారి మత్తీయ నడచినదే గదా. చీటి రానందున ఆ దారి చెరిగిపోయెనా?

మీలో వ్యవసాయము చేయువారికి ఇది ఎరుగని మాట కాదు. నాట్లు వేయునాడు నారంతయు పీకరు. మడి మూలలో కొంత నారు ఉంచుదురు. ఎండకో, పురుగుకో, నీరు నిలిచియో పొలములో అక్కడక్కడ మొక్క చచ్చినచో ఆ నారు తెచ్చి పూడ్చుదురు. అన్ని మొక్కలును బ్రదికిన ఏట ఆ మూలనారు అక్కడనే ముదిరిపోవును, పశువుల పాలగును. అయినను మరుసటి ఏట బుద్ధిగల రైతు దానిని ఉంచకమానడు. ఆ నారు ఉన్నదన్న ధైర్యముతోనే అతడు ఆ రాత్రి నిద్రపోయెను. మన సంఘములలో ఉపదేశి జ్వరపడిన ఆదివారమున ఆరాధన నడుపగలవాడు, పాట ఎత్తువారు ఊరికి పోయినప్పుడు ఎత్తగలది, ఎవరెవరో మీకు తెలియును. ఎప్పుడైనను వారి యొద్దకు పోయి ఒక మాట చెప్పితిరా? పరీక్ష తప్పక, ఉద్యోగపు పట్టీలో రెండవ పేరుగా నిలిచిపోయిన కుమారునితో "నీవేమి సాధించితివిరా" అని అన్న తండ్రులు మనలో లేరా?

కృష్ణమూర్తి కాలము గడచినది గాని ఆ స్థానము అట్లే యున్నది. విశాఖపట్టణపు కోన శ్రీకర్ భరత్ 2015 ఫిబ్రవరిలో ఒంగోలులో గోవా జట్టుపై ఆంధ్ర తరఫున 308 పరుగులు చేసెను. రంజీ పోటీలలో మూడు వందలు దాటిన మొదటి కీపరు అతడే. ఇండియా జట్టులో మాత్రము సాహా, పంత్ అను ఇద్దరి వెనుక కూర్చుండవలసి వచ్చెను. ఆ సాహాయే ఒకప్పుడు ధోనీ వెనుక ఏండ్లు గడిపినవాడు. 2021 నవంబరు 27 ఉదయమున కాన్పూరులో సాహాకు మెడ పట్టెను. జట్టు పట్టీలో లేని భరత్‌ను పిలిచిరి. బదులు వచ్చినవాడు వికెట్లవెనుక నిలువవచ్చునని 2017లోనే నియమము మార్చియుండిరి, లేనియెడల ఆ అవకాశమును లేదు. అశ్విన్ బంతికి 89 పరుగులమీదనున్న విల్ యంగ్ క్యాచ్‌ను నేలబారున పట్టెను. అక్షర్ పటేల్ బంతులకు రాస్ టేలర్ క్యాచ్‌ను పట్టి, 95 మీదనున్న లాథమ్‌ను స్టంపౌట్ చేసెను. బదులువాడు చేసినవి అతని జీవితపు లెక్కలో చేరవు గనుక ఆ మూడును భరత్ ఖాతాలో లేవు.

2022 డిసెంబరు 30న పంత్ కారు ప్రమాదములో గాయపడెను. మరుసటి ఫిబ్రవరి 9న నాగపూరులో భరత్ మొదటి టెస్టు ఆడెను. ఒకని ఆపద వలన తనకు చోటు దొరకుట ఎట్టి సంతోషమో ఆలోచించుడి. మొత్తము 7 టెస్టులాడి 221 పరుగులు చేసెను. ఆరవది 2024 జనవరిలో హైదరాబాదు ఉప్పల్ మైదానమున. అందులో అతడు 41, 28 పరుగులు చేసెను. జట్టు 28 పరుగుల తేడాతో ఓడెను. ఏడవది ఫిబ్రవరిలో తన స్వంత ఊరగు విశాఖపట్టణములో. జట్టు గెలిచెను గాని అతడు చేసినవి 17, 6. ఆ తరువాత రాజకోటలో జరిగిన టెస్టునకు అతని వెనుక కాచుకొనియున్న ధ్రువ్ జురేల్‌ను దింపిరి. జురేల్ రాంచీలో 90, 39 పరుగులు చేసి జట్టును గట్టెక్కించెను. ఆ సెప్టెంబరులో పంత్ స్వస్థుడై చెన్నైలో తిరిగి వచ్చి 109 పరుగులు చేసెను. జురేల్ బెంచీమీద కూర్చుండెను.