సిగరెట్‌కూ గంజాయి శిక్షే వేయాలా?

సందేహాలు - సమాధానాలు

సందేహం: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ పక్కనున్న డబ్బాలో సిగరెట్లు కొని తాగుతున్నాడని ఈమధ్యే తెలిసింది. భద్రాచలం దారిలో గంజాయి పట్టుకుంటే పేపర్లో ఫొటోలు వేసి జైలుకు పంపుతున్నారు. సిగరెట్టూ ప్రాణం తీసేదే కదా డాక్టరుగారూ, దాన్నీ అట్లాగే నిషేధిస్తే పీడ విరగడవుతుంది కదా?
- ఒక తల్లి, కారేపల్లి

సమాధానం: అమ్మా, మీ కోపంలో న్యాయం ఉంది. మన దేశంలో పొగాకు వల్ల ఏటా సుమారు 13.5 లక్షల మంది చనిపోతున్నారు. ఇక వ్యసనం మాటంటారా, హెరాయిన్, కొకైన్ లాగే నికోటిన్ కూడా మనిషిని లొంగదీసుకుంటుందని అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 1988లోనే తేల్చింది. హాని ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే మీరన్నది ముమ్మాటికీ నిజం. అయినా తాగేవాడిని నేరస్తుణ్ని చేసే చట్టం వద్దనే నేనంటాను.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం 20 కిలోలకు మించి గంజాయి దొరికితే కనీసం పదేళ్ల జైలు. ఒడిశా సరిహద్దు నుంచి హైదరాబాద్ వైపు సరుకు తెస్తూ దొరికిపోయే వాళ్లలో కిరాయికి మోసే కుర్రాళ్లు, డ్రైవర్లే ఎక్కువగా కనిపిస్తారు. పెట్టుబడి పెట్టినవాడు మీరు చూసే ఆ ఫొటోల్లో ఉండడు. రేపు సిగరెట్‌కూ అదే చట్టం వస్తే కంపెనీ యజమాని కన్నా ముందు మీ అబ్బాయే స్టేషన్ మెట్లెక్కుతాడు. వాడికి కావలసింది వైద్యం. కేసు పడితే చదువూ పోతుంది, ఉద్యోగమూ పోతుంది, అలవాటు మాత్రం పోదు.

నిషేధం రుచి మనకు తెలియనిది కాదు. దూబగుంట ఆడపడుచుల సారా పోరాటం తర్వాత, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. పక్క రాష్ట్రాల నుంచి దొంగ సరుకు దిగింది, ఊళ్లలో గుడుంబా కాగింది. 1997లో సడలించేశారు. ఆ అక్కాచెల్లెళ్ల పోరాటం గొప్పది, దాన్ని తక్కువ చేయను. కానీ తాగేవాళ్లు తగ్గకుండా దుకాణం ఒక్కటే మూస్తే ఏమవుతుందో అప్పుడు చూశాం. భూటాన్ 2004లో పొగాకు అమ్మకాన్ని నిషేధించింది, 2010లో జైలుశిక్షలు కూడా పెట్టింది. దొంగరవాణాకు తట్టుకోలేక 2021లో అమ్మకానికి మళ్లీ అనుమతిచ్చింది.

గట్టిగా నిలబడిన నిషేధం మీకు దగ్గర్లోనే ఉంది. సింగరేణి భూగర్భ గనుల్లోకి బీడీ గానీ అగ్గిపెట్టె గానీ తీసుకుపోకూడదు. ఒక్క నిప్పురవ్వతో షిఫ్టు మొత్తం ప్రాణాల మీదికి వస్తుందని అక్కడ ప్రతి కార్మికుడికీ తెలుసు, అందుకే అది నడుస్తోంది. అయితే పొగకు వీల్లేని చోట ఖైనీ నోట్లోకి చేరిందన్న సంగతి కూడా మరవకూడదు. లోపలి యావకు మందు వేయకపోతే అది ఇంకో దారి చూసుకుంటుంది.

మరి కఠిన శిక్ష ఎవరికి? పిల్లలకు అమ్మేవాడికి. ఈ సంగతి చాలామందికి తెలియదు: 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు పొగాకు ఇస్తే ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. విద్యాసంస్థకు వంద గజాల లోపు అమ్మకూడదని 2003 పొగాకు చట్టమూ చెబుతోంది. కానీ ఆ చట్టం కింద జరిమానా 200 రూపాయలు మించదు. డబ్బావాడికి అది పూట బేరం. దీన్ని పెంచాలి, విడి సిగరెట్ల అమ్మకాన్ని ఆపాలి. పెట్టె మీద 85 శాతం మేర బొమ్మల హెచ్చరిక ఉంటుంది, ఒక్కటి చొప్పున కొనే పిల్లవాడు దాన్ని చూడనే చూడడు.

మీరు చేయవలసింది: నలుగురు తల్లిదండ్రులు కలిసి ప్రిన్సిపాల్‌కు, పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అబ్బాయిని కొట్టొద్దు, బంధువుల ముందు పరువు తీయొద్దు. ఏ వేళలో, ఎవరితో ఉన్నప్పుడు తాగాలనిపిస్తోందో నెమ్మదిగా అడగండి. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా తాగుతుంటే ముందు వాళ్లు మానాలి.

సందేహం: ఎండాకాలం తునికాకు కోస్తేనే మాకు నాలుగు డబ్బులు. పొగాకు ఆపాలంటున్నారు, మరి మా బతుకేం కావాలి? మేం తెచ్చే ఆకులో విషం ఉందా?
- తునికాకు సేకరించే ఒక అక్క, భద్రాచలం ఏజెన్సీ

సమాధానం: పొద్దు పొడవక ముందే అడవికి పోయి, ఆకు కోసి, ఇంటికొచ్చి యాభై ఆకులకో కట్ట కట్టి, కల్లంలో లెక్క అప్పజెప్పే మీ కష్టం చిన్నది కాదు. ఆకులో నికోటిన్ లేదు, అది లోపల చుట్టే పొగాకుది. కానీ తునికాకులోంచి గాలి సరిగా ఆడదు. బీడీ ఆరిపోకుండా గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. దాంతో తారు, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బీడీ చిన్నది, కాబట్టి హాని తక్కువ అనుకోవడం పొరపాటు.

2016-17 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో సిగరెట్ తాగేవాళ్లు 4 శాతమైతే, బీడీ తాగేవాళ్లు 7.7 శాతం. సిగరెట్ ఒక్కదాన్నే నిషేధిస్తే జనం బీడీకి మళ్లుతారు. రెండూ ఒకేసారి ఆపితే మీ ఇంట్లో, నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే అక్కల ఇళ్లల్లో పొయ్యి ఆరిపోతుంది. అందుకే ముందు ప్రత్యామ్నాయం కావాలి. ఇప్పపువ్వు, తేనె, చింతపండు, జిగురులను గిరిజన సహకార సంస్థ మంచి ధరకు, ఆలస్యం లేకుండా కొనాలి. అప్పటిదాకా తునికాకు మీద వచ్చే ఆదాయంలో మీ వాటా మీకు పైసాతో సహా దక్కాలి. తునికాకు కోయడం మీ తప్పు కాదు.

సందేహం: ముప్పై ఏళ్లుగా బీడీలు తాగుతున్నాను. ఇప్పుడు మానినా ఫలితం ఉంటుందా? దగ్గు తగ్గడం లేదు.
- ఇల్లెందు పాఠకుడు

సమాధానం: తప్పకుండా ఉంటుంది. మానిన ఏడాదికి గుండెజబ్బు ముప్పు సగానికి తగ్గుతుంది, పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే ముప్పూ దాదాపు సగమవుతుంది. మొదటి మూడు రోజులే గట్టి పరీక్ష. చిరాకు, నిద్ర పట్టకపోవడం మామూలే, రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. అవసరమైతే వైద్యుడి సలహాతో నికోటిన్ చూయింగ్ గమ్ వాడండి. దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేయించుకోండి, టీబీకి పరీక్షా మందులూ ఉచితమే. తెమడలో రక్తం కనబడితే ఒక్క రోజు కూడా ఆగొద్దు. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.