శికారు చెరువులో కొర్రమట్టలెన్ని? - లెక్క కట్టే తీరు

హైదరాబాద్ పాతబస్తీలో గాలం వేసి చేపలు పట్టడాన్ని శికారు అనే అంటారు. సెలవునాడు సరదాగా పట్టే చేపే కదా అని దాన్నెవరూ లెక్కలో రాయరు. వలతో పట్టి తూకం వేసిన చేపకు సంఘం పుస్తకంలో పద్దు వుంటుంది. గాలానికి పడ్డ చేప మాత్రం సంచిలో ఇంటికి పోతుంది. అందుకే చెరువులో ఎన్ని మిగిలాయో అంచనా వేసేటప్పుడు చేతిలో వుండేది అరకొర సమాచారమే. దాన్నైనా జాగ్రత్తగా వాడుకుంటే చేపను కాపాడుకోవచ్చు.

మీరాలం చెరువునే తీసుకుందాం. నిజాం దివాను మీర్ ఆలం 1804-06లో కట్టించిన చెరువిది. కట్టకు 21 అర్ధచంద్రాకారపు కమానులున్నాయి. ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) రాకముందు నగరానికి తాగునీరిచ్చింది. కొన్నేళ్ళుగా మురుగునీరు, గుర్రపుడెక్క దీనికి పెద్ద బెడద. నీటిలో ప్రాణవాయువు తగ్గినా పైకొచ్చి గాలి పీల్చి బతకగలిగేది కొర్రమట్ట (కొరమీను). 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. శికారుకు వెళ్ళేవారి కన్నూ దీనిమీదే. మృగశిర కార్తెకు గిరాకీ పెరిగే రోజులూ, వానలకు ఇది గుడ్లు పెట్టే రోజులూ దాదాపు ఒక్కటే కావడం అసలు ఇబ్బంది.

బొచ్చె, రోహుల్లాగా కొర్రమట్ట వలకు సులువుగా చిక్కదు. నాచులో, అడుగు బురదలో నక్కుతుంది. కనుక వల పద్దు చూసి కొర్రమట్టల సంగతి తేల్చకూడదు. గాలం లెక్కే కావాలి.

వట్టి చేతులతో వెళ్ళినవారినీ రాయాలి

చేప పడినవాడు నలుగురికీ చూపిస్తాడు, పడనివాడు మాట్లాడకుండా ఇంటికెళ్తాడు. ఇక్కడే లెక్క తప్పుతుంది. ఉదాహరణకు పదిమంది తలా నాలుగు గంటలు గాలం వేశారు. మొత్తం 40 గంటలు. ముగ్గురికి కలిపి 8 చేపలు పడ్డాయి. అంటే అయిదు గంటలకు ఒక చేప. పడిన ముగ్గురినే రాసుకుంటే 12 గంటలకు 8 చేపలు, అంటే గంటన్నరకే ఒకటి! చెరువు నిండా చేపలున్నట్లు భ్రమ కలుగుతుంది.

అందుకే కట్టమీద ఒక నోటుబుక్కు పెట్టి తేదీ, గాలాల సంఖ్య, గంటలు, పడినవి, వదిలినవి, ఇంటికి తీసుకెళ్ళినవి రాయించాలి. సున్నా అయినా రాయాల్సిందే. శుక్ర, ఆదివారాలతోపాటు మామూలు రోజుల్లోనూ రాయాలి. ఎండాకాలం నీళ్ళు తగ్గితే వున్న కాసిని చేపలూ ఒకచోట చేరి ఎక్కువగా పడతాయి. కనుక మే నెలను మే నెలతోనే పోల్చాలి గాని డిసెంబరుతో కాదు.

గుర్తు పెట్టి వదిలే పద్ధతి

సంఖ్యే కావాలంటే మరో దారి వుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ పేరుమీద ఇది ప్రసిద్ధం. గాలంతో పట్టిన 60 కొర్రమట్టలకు కడుపు దగ్గరి ఈత రెక్క కొసను కొద్దిగా కత్తిరించి వదలాలి. చేయి తడిపి పట్టుకోవాలి, లేకపోతే ఒంటి జిగురు పోయి చేపకు జబ్బు చేస్తుంది. గాలం మింగిన చేపకు గుర్తు పెట్టవద్దు, అది బతకడం కష్టం. వారం పది రోజులాగి మళ్ళీ 50 పట్టారనుకుందాం. వాటిలో 6 గుర్తువి. 60ని 50తో గుణించి 6తో భాగిస్తే 500. చెరువులో సుమారు 500 వున్నాయని అంచనా.

అయితే ఆ 500ను రాతిమీద గీతలా చూడకూడదు. గుర్తు చేపలు 6 బదులు 4 పడి వుంటే లెక్క 750 అయ్యేది, 9 పడి వుంటే 333. గుర్తువి తక్కువ పడ్డప్పుడు అంకె ఇలాగే ఊగుతుంది. అవి పదికి తక్కువైతే ఇంకొన్ని రోజులు పట్టి చూడాలి. పెద్ద చెరువులో గుర్తులు కూడా ఎక్కువే పెట్టాలి.

లెక్క ఎటు తప్పుతుంది?

గుర్తు పెట్టిన 60లో 15 చచ్చిపోయాయనుకోండి. మిగిలినవి 45. అప్పుడు అసలు సంఖ్య 375, మనం మాత్రం 500 అనుకుంటాం. ఒకసారి గాలం రుచి చూసిన చేప మళ్ళీ ఎరకు రాకపోయినా, మత్తడి దూకి వెళ్ళిపోయినా ఇదే తంతు, వున్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. వదిలినచోటే మళ్ళీ గాలం వేస్తే గుర్తువే ఎక్కువగా పడి తక్కువ కనిపిస్తుంది. అందుకే దీపావళి దాటి మత్తడి ఆగాక చేయాలి. చేపలను చెరువు నలుమూలలా వదలాలి, నలుమూలలా పట్టాలి.

పొడవు చెప్పే సంగతి

లెక్క కుదరని చోట స్కేలు చాలు. కొర్రమట్ట సుమారు 25-30 సెంటీమీటర్లకు వచ్చాకే గుడ్లు పెట్టే వయసుకు వస్తుంది. ఇంటికి పోతున్నవాటిలో ఎక్కువ భాగం అంతకన్నా చిన్నవైతే, ఈ ఏడు ఎన్ని పడినా సరే, అది అపాయపు గుర్తు. పెద్దవి ఏటేటా తగ్గిపోతున్నా అంతే.

తీర్మానం ఎలా చేయాలి?

సంఘం నాలుగోవంతు పట్టవచ్చని అనుకుంటే 750 లెక్కన 187 పడతారు. నిజంగా వున్నవి 333 అయితే సగానికి మించి పోయినట్టే. 333నే నమ్మి 83 పడితే, అసలు 750 వున్నా నష్టమేమీ లేదు, మిగిలినవి మరుసటేడు పెరిగి దొరుకుతాయి. అంకె అనుమానంగా వున్నప్పుడు తక్కువ అంకెనే పట్టుకోవాలి.

* శికారుకు అనుమతి ఇచ్చేటప్పుడే పద్దు రాయాలన్న షరతు పెట్టాలి.
* 30 సెంటీమీటర్ల లోపు కొర్రమట్టను తిరిగి వదిలించాలి.
* నీటిమీద ఎర్రటి పిల్లల గుంపు కనబడితే అక్కడ గాలం వేయనీయరాదు. కింద తల్లీతండ్రీ కాపలా వుంటాయి. పిల్లల మీదికి వచ్చిందని ఎరను కరిచి దొరికిపోతాయి. వాటితోపాటు గుంపంతా పోతుంది.
* ఏటా అదే నెలలో, అదే పద్ధతిలో లెక్క వేయాలి. మూడు నాలుగేళ్ళ లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక్కో అంకె అటూఇటూ అయినా, చేప పెరుగుతోందో తరుగుతోందో తెలిసిపోతుంది.