హక్కు అడుగుట అవిశ్వాసము కాదు

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 22:24–29, 25:9–12



గుడివాడ, గన్నవరము, ఉయ్యూరు, అవనిగడ్డ ప్రాంతముల బిడ్డలనేకులు నేడు అమెరికాలో కాపురము చేయుచున్నారు. పెండ్లి నిశ్చయించునపుడు మనము వరుని ఉద్యోగమును, జీతమును అడుగుదుము. మన పిల్ల ఆ దేశములో ఏ కాగితము మీద నివసించునో అడుగువారు తక్కువ. కాపురము చక్కగా సాగినంత కాలము ఆ ప్రశ్న రాదు; చెడిన దినమున అదే మొదటి ప్రశ్న యగును. “నేను వదలినచో నీకిక్కడ చోటు లేదు” అను బెదరింపునకు జడిసి దెబ్బలను దాచుకొను భార్యలు కలరు.

1. పౌలు చేసిన పని

పౌలు ప్రభువు కొరకు శ్రమపడుటకు వెనుదీయలేదు. అయినను కొరడాలతో కొట్టుటకు తన్ను కట్టుచుండగా, విచారణ లేక రోమీయుని కొట్టుట న్యాయమా అని శతాధిపతి నడిగెను. తరువాత ఫేస్తు ఎదుట కైసరునకు చెప్పుకొందునని పలికెను. చట్టము తనకిచ్చిన రక్షణను వాడుకొనుట అతని విశ్వాసమునకు కొరత కాలేదు. మన కుమార్తెలకును అంతే.

2. కాగితములలోని భేదము

భర్త హెచ్‌-1బి ఉద్యోగియైతే భార్యకుండునది హెచ్‌-4 వీసా. అది భర్త వీసాను ఆనుకొనియుండును. వేరుగా కాపురమున్నంత మాత్రమున అది పోదు. విడాకుల తీర్పుతో పోవును. కనుక చదువునకో, స్వంత ఉద్యోగమునకో తగిన వీసాకు మారదలచినవారు తీర్పునకు ముందే దరఖాస్తు పెట్టవలెను. హింసకు గురియైన హెచ్‌-4 భార్య ఉద్యోగానుమతి కోరుటకు 2017 నుండి వీలు కలిగినది; గాని అది నివాస హక్కు కాదు.

భర్త ఆ దేశ పౌరుడై, పెండ్లియై రెండేండ్లు నిండకమునుపే భార్యకు గ్రీన్‌కార్డు వచ్చినయెడల, అది రెండేండ్ల షరతు కార్డు. గడువు తీరుటకు ముందు 90 దినములలో దంపతులు కలిసి ఐ-751 అను ఫారము పంపవలెను. విడాకులైనను, భర్త హింసించినను, ఆమె ఒంటరిగానే దానిని పంపవచ్చును. గడువు కొరకు కాచియుండ నక్కరలేదు. అయితే పెండ్లి నిజమైన మనస్సుతో జరిగినదని రుజువు చూపవలెను. కార్డు కొరకే చేసికొను పెండ్లి మోసము. విశ్వాసి దానికి ఒప్పుకొనరాదు.

షరతులేని పదేండ్ల కార్డు విడాకుల వలన పోదు.

భర్త పౌరుడో, గ్రీన్‌కార్డు గలవాడో అయియుండి, భార్యకు కార్డు రాకమునుపే హింసించినయెడల, 1994 నాటి చట్టము ప్రకారము ఆమె స్వయముగా దరఖాస్తు పెట్టుకొనవచ్చును. అధికారులు ఆ సంగతి భర్తకు తెలుపరు. విడాకులైనచో రెండేండ్ల లోపలనే పెట్టవలెను.

ఈ నిబంధనలు మారుచుండును. కనుక ఏ కాగితము మీదను సంతకము చేయకమునుపు అక్కడి వలస న్యాయవాదిని అడుగవలెను.

3. ఇంటికి పంపివేయబడినవారు

కొందరిని సెలవులకని స్వదేశమునకు తెచ్చి, పాసుపోర్టు తీసికొని, ఇక్కడనే విడిచి పోవుదురు. కావున పాసుపోర్టు, వీసా, పెండ్లి పత్రముల నకళ్లు పుట్టింటిలో ఒక ప్రతి యుండవలెను.

తరువాత విదేశపు కోర్టునుండి విడాకుల కాగితము వచ్చినను అంతటితో సర్వము ముగిసెనని తలంపరాదు. తిరుపతిలో వివాహమైన తెలుగు దంపతుల వ్యాజ్యెములో, భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమున పొందిన విడాకుల తీర్పు ఇక్కడ చెల్లదని సుప్రీంకోర్టు 1991లో చెప్పెను. గాని ఆ దేశపు కోర్టు పిలుపునకు జవాబు ఇయ్యవలెనా, మానవలెనా అనునది న్యాయవాదిని అడిగియే నిర్ణయించుకొనవలెను.

1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము కలదు. మచిలీపట్నములోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ నడుగవచ్చును. జాతీయ మహిళా కమిషనులో ప్రవాస భారతీయుల వివాహ ఫిర్యాదులకు వేరొక విభాగము 2009 నుండి యున్నది.

4. సంఘము చేయవలసినది

గుడిలో జరిగిన పెండ్లికి 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము రిజిస్టరు ఉండును. వధూవరులును, సాక్షులును చేసిన సంతకములు అందులో నుండును. వేల మైళ్ల అవతల ఒక సహోదరి తన పెండ్లి నిజమైనదని రుజువు చేయవలసివచ్చినప్పుడు ఆ పుటయే ఆమెకు ఆధారము. పాస్టరుగారు దానిని భద్రపరచి, నకలు అడిగిన దినముననే ఇయ్యవలెను.

పుట్టింటికి వచ్చిన బిడ్డను, “సర్దుకొని పోవలసినది గదా” అని నిందింపకుడి. హాగరును ఇంటినుండి పంపివేసినప్పుడు ఆమె చేతిలో రొట్టెయు నీళ్ల తిత్తియు మాత్రమే యున్నవి. దేవుడు ఆమెకు నీళ్ల బావిని చూపెను. మనము చూపగలిగినది వినుట, వెంట కోర్టునకు పోవుట, దారి ఖర్చులకు కొంత సొమ్ము కూర్చుట.

కూటములో మాటలాడుకొనుటకు:

(1) పౌలు తన హక్కును ఎప్పుడు, ఎందుకు అడిగెను?

(2) మన సంఘపు వివాహ రిజిస్టరు ఎవరి వద్ద, ఏ స్థితిలో నున్నది?

(3) విదేశ సంబంధము కుదుర్చుకొనుటకు ముందు తలిదండ్రులు వీసా విషయమై ఏయే సంగతులు అడుగవలెను?