వెన్నులో రాడ్డు: ముందు గొర్రెకు, తర్వాత మనిషికి

మన హాస్టల్లో గీత కార్మికుల పిల్లలు ఎందరో చదువుకున్నారు. తాటిచెట్టు మీది నుండి పడి నడుము విరిగిన మనిషిని భీమ్‌గల్ నుండి నిజామాబాద్‌కో, హైదరాబాద్‌కో తీసుకుపోతే డాక్టర్లు రాడ్లు, స్క్రూలు వేయాలంటారు. ఇంటివాళ్లు మొదట ఖర్చు అడుగుతారు. తర్వాత అడిగేది, "ఆ ఇనుము లోపల ఆగుతదా సారూ?" అని.

అది మామూలు ఇనుము కాదు, ఎక్కువగా టైటానియం మిశ్రమ లోహం. రాడ్డు ఎన్ని లక్షలసార్లు వంగితే విరుగుతుందో యంత్రం మీదే తేలుతుంది. కాని స్క్రూ చుట్టూ ఎముక పెరుగుతుందా, రాపిడికి రాలిన లోహపు పొడి కండను పాడుచేస్తుందా అన్నది ప్రాణమున్న ఒంట్లోనే తెలుస్తుంది. అందుకే గొర్రెకు ఆపరేషన్ చేసి, కొన్ని నెలలు పెంచి, తర్వాత ఆ ఎముకను పలుచని ముక్కలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. గొర్రె బతికి రాదు. ఈ మాట దాచకూడదు.

నాలుగు కాళ్ల జీవి వెన్ను అడ్డంగా ఉంటుంది కదా, మనకు పోలికేమిటి? అడగవలసిన ప్రశ్నే. అడ్డంగా ఉన్న వెన్ను కుంగకుండా కండరాలు, నరాల్లాంటి బంధకాలు రెండు వైపుల నుండి బిగించి పట్టుకుంటాయి. దాంతో పూసల మీద నిలువుగా పడ్డట్టే ఒత్తిడి పడుతుంది. నడుము పూసల పరిమాణమూ కొంత దగ్గరే. అయితే గొర్రె ఎముక మనదానికన్నా చిక్కన. దానిలో గట్టిగా పట్టిన స్క్రూ, ఎముకలు గుల్లబారిన ముసలమ్మ నడుములో వదులు కావచ్చు. కాబట్టి గొర్రెలో పాసైనా మనుషులలో మళ్లీ జాగ్రత్తగా పరీక్షించాల్సిందే.

ఒక్కోసారి జంతువే రోగి. అమెరికాలో మెడపూసల జబ్బుతో తూలిపోయే గుర్రాలకు 1970ల చివర జార్జ్ బాగ్బీ అనే ఎముకల డాక్టరు, పశువైద్యులతో కలిసి, చిల్లులున్న ఉక్కు గొట్టంలో ఎముక ముక్కలు నింపి పూసల మధ్య పెట్టాడు. పూసలు అతుక్కున్నాయి. దాని నుండి వచ్చిన 'బాక్' కేజ్‌కు మనుషుల నడుముకు వాడేందుకు 1996లో అక్కడి ప్రభుత్వ అనుమతి దొరికింది.

మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన కమిటీ అనుమతి లేకుండా ఇలాంటి ప్రయోగం చేయరాదు. హైదరాబాద్ దగ్గర జీనోమ్ వ్యాలీలో భారత వైద్య పరిశోధన మండలి జంతు పరిశోధన కేంద్రం ఉంది.

ఇంతా చేసి, రాడ్డు ఎముకనే నిలబెడుతుంది. నలిగిన వెన్నుపామును అతికించదు. అందుకే చెట్టు మీది నుండి పడ్డ మనిషిని ఎత్తి ఆటోలో కూర్చోబెట్టకండి. నడుము, మెడ కదలకుండా అట్లనే పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.