చన్నీళ్లకి భయమెందుకు చెల్లీ?

ఢిల్లీ ద్వారకలో కొత్తగా కాపురం పెట్టిన ప్రతి తెలుగమ్మాయీ జనవరి రాగానే అడిగే మాట ఒకటే. "అక్కా, ఈ చలిలో చన్నీళ్లతో మురికి వదులుతుందా?"

వదులుతుందమ్మా, నిక్షేపంలా! వెనకటికి చాకిరేవులో బానలకెత్తి ఉడకేసేవారు కదా అంటావేమో. అవి ముతక పంచెలు, దుప్పట్లు. ఇప్పుడు మనింట్లో బట్టలన్నీ రంగులవేనాయె! మంగళగిరి చీరైనా, కలంకారీ డ్రెస్సైనా చన్నీళ్లలోనే క్షేమం.

కాకపోతే విజయవాడ చన్నీళ్లు వేరు, ఇక్కడివి వేరు. రాత్రంతా డాబా మీద ట్యాంకులో ఉన్న నీళ్లు పొద్దున్నే ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. వాటిలో సబ్బుపొడి సరిగ్గా కరగదు. పిల్లాడి నల్ల ప్యాంటు మడతల్లో తెల్లచారలు చూశావా? కరగని పొడే అది. మగ్గుడు వేడినీళ్లలో ముందే కలిపి పోసెయ్. లేదా లిక్విడ్ కొనుక్కో. మిషన్ మాత్రం ట్యాంకుకి కాస్త ఎండ తగిలాకే వేసుకో.

ఇక్కడ నన్ను ఎక్కువ విసిగించేది చలికంటే ఉప్పునీళ్లు. పప్పన్ కలాన్ అనే పల్లె పొలాల మీద లేచిన ఊరిది. ఈ నైరుతి ఢిల్లీలో భూమిలో నీళ్లు చాలాచోట్ల ఉప్పనే. కుళాయి నీళ్లు చాలక బోరు నీళ్లు కలిశాయంటే వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో చేరి తెట్టు కడతాయి. తువ్వాళ్లు అప్పడాల్లా బిరుసెక్కుతాయి. నీళ్లు కాచినంత మాత్రాన ఆ బాధ తీరదు, పైగా ఆ సున్నమంతా హీటరుకే పడుతుంది. నూలు బట్టలకైతే చెంచాడు చాకలి సోడా వెయ్యి. పట్టుకీ, ఉన్నికీ మాత్రం వద్దు.

ఇక కరెంటు లెక్క. 40 లీటర్ల నీళ్లని 15 డిగ్రీల నుంచి 40కి తేవాలంటే యూనిట్ పైనే కాలుతుంది. డ్రమ్ము తిరగడానికి అందులో నాలుగో వంతు కూడా అక్కర్లేదు.

మరకల్లో కొన్నింటికి చన్నీళ్లే పట్టాలి. రక్తం, పాలు, గుడ్డుసొన మీద వేడినీళ్లు పోశావో, మరక అక్కడే ఉడికి పాతుకుపోతుంది. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. కంగారుపడకు, ఉతికి ఎండలో ఆరెయ్. పసుపుకి రంగునిచ్చే కుర్కుమిన్ వెలుతురుకి నిలవదు. పొగమంచు కమ్మిన వారంలో ఎండ దొరకదనుకో, అప్పుడు ఓపిక పట్టాల్సిందే!

అలాగని వేడినీళ్లు అసలే వద్దని కాదు. ఆవకాయ నూనె మరకలు, వంటింటి మసిగుడ్డలు, జబ్బుపడ్డవాళ్ల దుప్పట్లు వేడిగానే ఉతకాలి. పరుపుల్లో చేరే కంటికి కనపడని పురుగులు చావాలంటే 60 డిగ్రీలు ఉండాల్సిందే. మూత పైన ఉండే మిషన్లలో చాలావాటికి హీటరే ఉండదు, కొనేముందే అడుగు.

ఇంకొక్క మాట. మిషన్‌కి చలి తెలీదు గానీ, బాత్రూములో గొంతుక్కూర్చుని చీరలు చేత్తో పిండే పనావిడకి తెలుస్తుంది. ఆవిడకి మాత్రం గీజరు వేసి అరబకెట్టు వేడినీళ్లు కలిపివ్వు చెల్లీ, ఆ కాస్త కరెంటుకీ లెక్క చూడకు.