ధ్రువుని కోపము – సునీతి ఒడి

శ్రీమద్భాగవతము చతుర్థ స్కంధమునందలి ధ్రువోపాఖ్యానమును వినని వైష్ణవ గృహము తెలుగునాట అరుదు. పోతనామాత్యుని తెలుగులో దానిని పారాయణ చేసిన తాతలు, మనుమలకు కథగా చెప్పిన నాయనమ్మలు ఎందరో కలరు. అయిదేండ్ల బాలుని తపోనిష్ఠ, శ్రీహరి సాక్షాత్కారము, ధ్రువపదప్రాప్తి అందరికిని తెలిసినవే. అయితే ఆ కథ బాలుని భక్తితో గాక, బాలుని కోపముతో ఆరంభమగుచున్నదను విషయము పలువురి దృష్టికి రాదు. కోపిష్ఠియైన బిడ్డతో ఏమి చేయవలెనో తోచక అలసిన తల్లిదండ్రులకు ఈ ఉపాఖ్యానము చక్కని పాఠము.

మూడు పేటలు – ఒక ఇల్లు

హైదరాబాదు నగరమున చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ఇరుగుపొరుగు పేటలు. చిక్కడపల్లిలో శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయము, త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయము కలవు. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారు 1928లో బాలికలకు తెలుగులో చదువు చెప్పించుటకై నెలకొల్పిన పాఠశాల కలదు. అశోక్ నగర్ పోటీ పరీక్షల శిక్షణ కేంద్రములకు ప్రసిద్ధి. జిల్లాల నుండి వచ్చిన యువతీ యువకులు అచట గదులు అద్దెకు తీసుకొని రేయింబవళ్ళు చదువుచుందురు. చదువునకు, సంగీతమునకు, దైవభక్తికి నెలవైన పేటలివి. అయితే మార్కులు, ర్యాంకులు అను మాటలు వీధిలో అనునిత్యము వినవచ్చుచుండుటచే, పోలికలు ఇంటిలోనికిని ప్రవేశించుట సహజము. పెరడు గల పాత ఇండ్ల చోట అపార్టుమెంట్లు లేచినవి. ఆడుకొనుటకు పిల్లలకు మిగిలినది మేడమెట్లు, కార్లు నిలిపెడు చోటు మాత్రమే.

అట్టి ఒక ఇంటిని ఊహించుకొనవచ్చును. తొమ్మిదేండ్ల బాలుడు సాయంత్రము బడినుండి వచ్చి సంచి విసరివేయును. పలుకరించిన చెల్లెలిని కొట్టును. నాయనమ్మ తెచ్చిన ఉప్మా పళ్ళెమును త్రోసివేయును. తల్లి కేకలు వేయును. రాత్రి ఇల్లు చేరిన తండ్రి సంగతి విని చెంపపై కొట్టును. “పక్కింటి పిల్లవాణ్ణి చూడు, ఎంత బుద్ధిమంతుడో!” అని ఎవరో ఒకరు అందురు. మరునాడును అదే వరుస. బంధువులు వానికి ‘మొండివాడు’ అని పేరు పెట్టుదురు. కొంతకాలమునకు బాలుడును ఆ పేరునే నమ్మును. అసలైన నష్టమిదియే. పళ్ళెము పగిలిన మరియొకటి కొనవచ్చును. తాను చెడ్డవాడనని నమ్మిన బిడ్డకు ఆ నమ్మకమును తొలగించుట కష్టము.

సునీతి చేసిన పని

ఉత్తానపాదుని తొడపై ఉత్తముడు కూర్చుండి యుండగా ధ్రువుడును ఎక్కబోయెను. సవతితల్లి సురుచి, తన కడుపున పుట్టనివానికి ఆ యోగ్యత లేదని పరుషముగా పలికెను. ఇద్దరు బిడ్డలను ప్రక్కప్రక్కన నిలిపి ఒకనిని తక్కువ చేసిన మాట అది. నేడు “పక్కింటి పిల్లవాడు” అను మాటయు ఆ జాతిదే. తండ్రి వినియు మిన్నకుండెను. బాలుడు కర్రదెబ్బ తిన్న పామువలె బుసలు కొట్టుచు, ఏడ్చుచు తల్లి కడకు వచ్చెను.

సునీతి ఏమి చేసినదో వరుసగా గమనింపవలెను. మొదట బిడ్డను ఒడిలోనికి తీసికొన్నది. జరిగినదంతయు అంతఃపుర జనుల వలన తెలిసికొన్నది. “ఇంతమాత్రమునకే ఏడ్చెదవా?” అనలేదు, జరిగిన అవమానము నిజమేనని ఒప్పుకొన్నది. అయినను సురుచిపై పగ నూరిపోయలేదు; ఇతరులకు కీడు తలపవలదని చెప్పినది. చివరకు శ్రీహరి పాదములే శరణ్యమని దారి చూపినది. స్పర్శ, వినుట, సత్యము, హద్దు, దారి – ఇది ఆమె క్రమము. నేటి ఇండ్లలో పెద్దలు తరచుగా చివరిదానితో మొదలుపెట్టుదురు. బిడ్డ బుసకొట్టుచుండగనే నీతిబోధ ఆరంభింతురు, అది చెవికెక్కదు.

బిడ్డ కోపము వెనుక అనేక పర్యాయములు వేరొక బాధ దాగియుండును. ఆకలి, నిద్రలేమి, బడిలో తోటివారి వెక్కిరింపు, అక్షరములు కూడి రాని కష్టము, వినికిడి లోపము, ఇంటిలో పెద్దల కలహము – వీనిలో ఏదైనను కావచ్చును. పైన చెప్పిన బాలుని విషయమున తల్లి వారము దినములు ఒక చిన్న పుస్తకమున కోపము వచ్చిన వేళ, దానికి ముందు జరిగినది, తరువాత జరిగినది వ్రాసికొన్నచో చాలు. కారణము దానంతట అదే కనబడవచ్చును.

కర్ర, కేక, లొంగుబాటు

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రమున జెరాల్డ్ ప్యాటర్సన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఇట్టి కుటుంబములను ఇండ్లలోనే పరిశీలించి, 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆయన చూపిన విషయము సులభముగా గ్రహింపదగినది. తల్లి ఫోను కట్టిపెట్టుమనును, బిడ్డ అరచును, తల్లి గొంతు పెంచును, బిడ్డ వస్తువు విసరును, తల్లి విసిగి “పోనీ, చూసుకో” అనును. అరుపు వలన పని జరుగునని బిడ్డ నేర్చుకొనును. లొంగినచో ఇల్లు నిశ్శబ్దమగునని తల్లి నేర్చుకొనును. మరియొకనాడు తండ్రి కొట్టగా బిడ్డ ఊరకుండును. కొట్టినచో పని జరుగునని తండ్రి నేర్చుకొనును. ఇట్లు ఒకరికొకరు కోపమునే గరపుకొందురు.

ఈ చక్రమును ఆపవలసినవారు పెద్దలే. చెప్పిన మాట తక్కువగను, నెమ్మదిగను ఉండవలెను; చెప్పిన పిదప మారరాదు. ఫోను ఎంతసేపో ముందుగనే నిర్ణయింపవలెను గాని, కోపము నడుమ లాగికొనరాదు. బిడ్డ కోపమును దిగమ్రింగుకొని ఒక్కసారియైన మాటతో చెప్పినచో, “చెల్లిని కొట్టకుండా నాతో చెప్పావు, మంచి పని చేశావు” అని ఆ పనిని పేర్కొని మెచ్చుకొనవలెను. బడులలో శారీరక దండనను, మానసిక వేధింపును 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. బడిలో తగనిది ఇంటిలో తగునా?

యశోదామాత చరితము ఇచట స్మరింపదగినది. పాలిచ్చుచున్న తల్లి పొంగు పాలకై లేచిపోగా, బాలకృష్ణుడు కోపించి పెరుగు కుండను పగులగొట్టెను. యశోద కర్రతో వెంబడించెను. బిడ్డ కన్నులలో భయము చూచినంతనే కర్రను పారవైచెను. కాని శిక్షను పూర్తిగా విడువలేదు, రోటికి కట్టబూనెను. భయపెట్టుట వేరు, హద్దు నిలుపుట వేరు.

నారదుని ఓర్పు, మనువు రాక

అడవికి బయలుదేరిన ధ్రువునితో నారదుడు మొదట, పసివానికి మానావమానము లేమిటి, ఉన్నదానితో తృప్తిపడుమని చెప్పెను. సురుచి మాటలతో పగిలిన తన హృదయమున ఈ బోధ నిలుచుట లేదని బాలుడు నిష్కపటముగా చెప్పెను. దేవర్షి ఆగ్రహింపలేదు, తన పద్ధతినే మార్చుకొనెను. ద్వాదశాక్షరీ మంత్రము, యమునాతీరమున మధువనము, త్రికాల స్నానము, ప్రాణాయామము, ధ్యానము ఉపదేశించెను. అనగా కోపమునకు ఒక నిత్యకృత్యమును చూపెను. ఇంటి బిడ్డకును వేళకు భోజనము, వేళకు నిద్ర, దినమునకు ఒక గంట పరుగు, శాంతముగా ఉన్నవేళ నేర్పిన దీర్ఘశ్వాస అవసరము. తాతగారు సాయంత్రము చేయి పట్టుకొని గుడికి తీసికొనిపోయి ప్రదక్షిణలు చేయించినను మేలే; అయితే అది శిక్షగా ఉండరాదు.

నారదుడు అంతటితో ఆగక ఉత్తానపాదుని కడకును వెళ్ళెను. రాజు తన తప్పునకు కుమిలిపోయెను. ధ్రువుడు తిరిగి వచ్చునప్పుడు తండ్రి ఎదురేగి కౌగిలించుకొనెను. సురుచియు బిడ్డను ఎత్తుకొని దీవించెను. బిడ్డతో పాటు ఇల్లును మారినది.

భగవంతుని దర్శించిన పిదపను ధ్రువునికి కోపము తీరిపోలేదు. పెద్దవాడై రాజ్యమేలుచుండగా, వేటకేగిన ఉత్తముని ఒక యక్షుడు చంపెను. ధ్రువుడు యక్షులపై దండెత్తి నిరపరాధులను సైతము సంహరింపసాగెను. అప్పుడు తాతయగు స్వాయంభువ మనువు ఋషులతో వచ్చి, ఒకని తప్పునకు పలువురిని శిక్షించుట తగదని శాంతముగా చెప్పెను. ధ్రువుడు విల్లు దించెను. కావున నెలరోజులు బాగుండిన బిడ్డ మరల పళ్ళెము విసరినచో, శ్రమ వృథాయైనదని తల్లి కుమిలిపోనవసరము లేదు. అట్టి వేళ ఇంటిలో ఒక పెద్ద కోపింపక నిలిచినచో అదియే మందు.

వైద్య సహాయము

బిడ్డ తనకు గాని ఇతరులకు గాని మూగజీవులకు గాని తరచుగా హాని చేయుచున్నను, బడికి పోవుట మానినను, నెలల తరబడి మార్పు లేకున్నను వైద్యుని చూడవలెను. నగరమున ‘ఎర్రగడ్డ’ అను మాటను ఎగతాళిగా వాడు అలవాటు కలదు. ఆ ఎగతాళికి వెరచి అచటి ప్రభుత్వ మానసిక చికిత్సాలయమునకు గాని, పిల్లల మానసిక వైద్యులకడకు గాని పోక జాగుచేయుట బిడ్డకే నష్టము. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ఆరంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యపై ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చును. జ్వరమునకు మందిచ్చి దేవునికి మ్రొక్కువారు, దీనికి మాత్రము మ్రొక్కుతో సరిపెట్టరాదు.

కుబేరుడు వరమీయ వచ్చినపుడు ధ్రువుడు ఎడతెగని హరిస్మరణ మాత్రమే కోరెను. బుసలు కొట్టుచు తల్లి ఒడి చేరిన బాలుడే ఆ కోరిక కోరగల వాడాయెను. ఏ ఇంటి బిడ్డయు ‘మొండివాడు’ అను పేరుతోనే మిగిలిపోకుండుగాక! ప్రతి తల్లికిని సునీతి ఓర్పును, ప్రతి తాతకును మనువు శాంతమును శ్రీనివాసుడు ప్రసాదించుగాక!