సున్నపురాయి

షాబాదు, తాండూరు, బేతంచెర్ల బండలు పరచిన నేలమీద మీలో చాలామంది నడిచే ఉంటారు. వీటినే నాపరాళ్ళంటారు. ఒకప్పటి సముద్రం అడుగున పేరుకొన్న ఒండే ఈ రాయి అయింది. అందుకే ఇది పొరలుపొరలుగా ఉంటుంది. గనిలో పనివారు పైమట్టి తీసి, పొర అంచున ఉలి దిగగొట్టి, గునపంతో బండను పైకెత్తుతారు. సుత్తితో తట్టినప్పుడు మంచి బండ ఖంగుమంటుంది. పగులున్న బండ అలా పలకదు.

నాపరాయి సున్నపురాయిలో ఒక రకం. పల్నాటి సున్నపురాయి ఇంకొక రకం. అది లేత ఆకుపచ్చ ఛాయగల తెల్లరాయి. నల్లరాయికన్న చాలా మెత్తన. శాతవాహనుల కాలపు శిల్పులు అమరావతి స్తూపాన్ని ఈ రాతి పలకలతోనే అలంకరించారు. హారాల్లోని పూసలను కూడ విడివిడిగా చెక్కగలిగారంటే, అందులో వారి నేర్పుతోపాటు రాతి మంచితనమూ ఉంది.

ఈ రాతిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్ళు పోయగానే అది బుసబుస పొంగి తడిసున్నమవుతుంది. దానిని ఇసుకతో కలిపి గానుగలో వేసి, ఎద్దులచేత రాతిచక్రం తిప్పించి నూరేవారు. పట్టుకోసం కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపేవారు. గోడ చేరిన సున్నం, పోగొట్టుకొన్న వాయువును గాలినుండి మెల్లగా తీసుకొని మళ్ళీ రాయి అవుతుంది! సిమెంటు వచ్చాక గానుగలు మూలబడ్డాయి. ఆ సిమెంటుకూ ముడిసరుకు సున్నపురాయే.

కాలిస్తే సున్నమయ్యే ఈ గుణమే అమరావతికి చేటు తెచ్చింది. 18వ శతాబ్ది చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అక్కడ కొత్త పట్టణం కట్టించసాగాడు. రాళ్ళకోసం దీపాలదిన్నె అనే దిబ్బను తవ్వగా స్తూపం బయటపడింది. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో తిరిగి వచ్చేసరికి ఎన్నో పలకలు లేవు. కొన్ని మెట్లయ్యాయి, కొన్ని బట్టీలో సున్నమయ్యాయి. తవ్వినవారికి కావలసింది ఇంటికి రాయి. అది బుద్ధుని కథ అని వారికి చెప్పేవారు లేరు. కొన్ని శిల్పాలకు మెకంజీ గీయించిన బొమ్మలే నేటికి ఆధారం.

మిగిలినవాటిలో చాలాభాగం మద్రాసుకు, లండనుకు చేరింది. మదించిన నలగిరి ఏనుగు బుద్ధుని పాదాలముందు మోకరిల్లే శిల్పం చెన్నైలో ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. తమిళనాడు విద్యార్థులకు అది దగ్గరే.